గువ్వలచెరువు ఘాట్ కోసం కారుకు హారన్ మార్పించాను

కడప నుంచి రాయచోటికి యాభై కిలోమీటర్ల చిల్లర. మా అత్తగారి ఊరు రాయచోటి కాబట్టి ఆ దారి నాకు బాగా అలవాటు. కడప దాటి కొంత దూరం పోతే పాలకొండల్లో ఘాట్ మొదలవుతుంది. ఎక్కడం అయిపోగానే గువ్వలచెరువు వస్తుంది. అక్కడి పాలకోవా గురించి జిల్లాలో తెలియనివాళ్లు లేరు. కోవా అంగళ్లకు ముందుండే మలుపుల సంగతి మాత్రం అక్కడ బండి తోలేవాళ్లకే తెలుసు.

మలుపు అవతల ఏముందో కనపడదు. లోడుతో కడప వైపు దిగే పొడుగు లారీలు తిరగడానికి చోటు చాలక మన వైపుకు వచ్చేస్తాయి. అంత పెద్ద బండి తిప్పాలంటే వాళ్లకు వేరే దారి లేదు. అందుకే మలుపుకు ముందే ఒకసారి హారన్ కొట్టి, అవతల నుంచి జవాబు వస్తుందేమో విని, అప్పుడు ముందుకు పోవాలి. పగలు అక్కడ మనకున్న ఆధారం ఆ శబ్దం ఒక్కటే. రాత్రయితే కనీసం లైట్ల వెలుగు కొండ మీద పడి ఎదుటి బండి వస్తున్నట్టు తెలుస్తుంది.

నా కారు చిన్నది, పాతది. దాని హారన్ ఒంటి గొంతుతో సన్నగా మోగేది. టౌన్లో ఆటోను పక్కకు జరగమనడానికి సరిపోయేది. ఒకరోజు ఘాట్ ఎక్కుతుంటే మలుపులో కంటైనర్ లారీ సగం రోడ్డు దాటి వచ్చేసింది. నేను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. అయినా లారీ ఆగలేదు. కారును పక్కన మట్టిలోకి దింపి ఆపితే, అప్పుడు చూసి బ్రేకు వేశాడు. వెనక సీట్లో మా ఆవిడ పాపను గట్టిగా పట్టుకుని ఉంది. ఆ డ్రైవరు అద్దం దించి, "హారన్ కొట్టాల గదన్నా" అన్నాడు. కొడుతూనే ఉన్నానంటే ఆయన నమ్మలేదు. ఆయన మొహం చూస్తే అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. ఇంజను మోతలో నా హారన్ ఆయన చెవికి చేరనే లేదు. హారన్ సంగతి ఇక ఆలస్యం చేయకూడదని ఆరోజే అనుకున్నాను.

మా బావమరిదికి చెబితే, "గాలి హారన్ పెట్టించు బావా. ఒక్క కూత పెడితే కొండ అవతల ఉన్నోడు కూడా ఆగిపోవాల" అన్నాడు. వాడి బండికి అదే ఉంది.

గాలి హారన్ ఎట్లా పనిచేస్తుందో ముందు తెలుసుకున్నాను. బస్సుల్లో, లారీల్లో బ్రేకుల కోసం గాలి ట్యాంకు ఎటూ ఉంటుంది, దాన్నుంచే హారన్‌కు గాలి తీస్తారు. కార్లలో ఆ ట్యాంకు ఉండదు. కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఇస్తారు. ఎర్రటి ప్లాస్టిక్ బూరలు రెండు, సన్న పైపు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. బటన్ నొక్కితే కంప్రెసర్ తిరిగి, గాలి పైపులోంచి పోయి బూర మొదట్లో ఉండే పల్చటి పొరను అదరగొడుతుంది. బూర పొడుగైతే శబ్దం బొంగురుగా, పొట్టిదైతే కీచుగా వస్తుంది. ఘాట్‌లో నా అవసరానికి ఇందులో ఒక ఇబ్బంది కనిపించింది. కంప్రెసర్ వేగం అందుకుని గాలి నిండేదాకా చిన్న ఆలస్యం ఉంటుంది. ముందు నీరసంగా మొదలై తర్వాత పెరుగుతుంది. చిన్నగా ఒక్కసారి తట్టి వదిలేద్దామంటే కుదరదు. పైగా ఆ మోటారు ఒక్కటే పదిహేను, ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది.

చట్టం కూడా చూశాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 119వ నియమం హారన్ల గురించే. ఒకదాని తర్వాత ఒకటి రకరకాల స్వరాలు పలికే హారన్ పెట్టకూడదు. మరీ కర్ణకఠోరంగా, భయపెట్టేలా మోగేది అసలే పెట్టకూడదు. ఆంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండ్లకు మాత్రం మినహాయింపు ఉంది. శబ్దం నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితేనే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. అనవసరంగా హారన్ మోగిస్తే 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, మళ్లీ దొరికితే 2,000 కట్టాలి. అంగట్లో పెట్టుకుని అమ్ముతున్నారు కదా, బిగించుకుంటే ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. అమ్మడం వేరు, రోడ్డు మీదికి తీసుకురావడం వేరు.

జరిమానా మాట పక్కన పెట్టినా నాకు మనసొప్పలేదు. కడపలో అప్సర సర్కిల్ దగ్గర ఒక బస్సు గాలి హారన్ కొడితే, ముందు స్కూటీ మీద కూర్చున్న పిల్లవాడు రెండు చెవులూ మూసుకుని వాళ్లమ్మ వీపుకు తల ఆనించేయడం నేను చూశాను. ఆమె చేతిలో హ్యాండిల్ ఊగింది. ఘాట్‌లో ఒకరి ప్రాణం కాపాడాలని పెట్టుకున్న హారన్ టౌన్లో ఇంకొకరిని కింద పడేయకూడదు. అందుకని కంపెనీవాళ్లే కార్ల కోసం చేసే జంట హారన్ చూద్దామని నిర్ణయించుకున్నాను. నత్తగుల్ల ఆకారంలో ఉంటాయి కాబట్టి షెల్ హారన్ అంటారు. ఒకటి లో, ఇంకొకటి హై. రెండూ ఒకేసారి కలిసి మోగుతాయి, ఒకదాని వెంట ఒకటి కాదు. కాబట్టి నియమానికి అడ్డం రాదు.

చిన్నచౌకు వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. పెద్ద వయసు. తొందరపడి చెయ్యి పెట్టే మనిషి కాదు. నేను పోయి, "భాయ్, గట్టి హారన్ కావాల" అంటే వెంటనే ఏదీ అమ్మలేదు. "ఉండు సార్, ఉన్నదానికి ఏమొచ్చిందో చూడనీ" అని బానెట్ ఎత్తి మీటరు తీశాడు.

బ్యాటరీ దగ్గర పెడితే 12.5 చూపించింది. తర్వాత హారన్ కప్లర్ (వైరును హారన్‌కు తగిలించే ప్లగ్గు) దగ్గర మీటరు పుల్లలు ఆనించి నన్ను హారన్ నొక్కమన్నాడు. నొక్కి చూస్తే 9.8. దాదాపు మూడు వోల్టులు దారిలోనే పోతున్నాయి. కప్లర్ విప్పితే లోపల ఇత్తడి పుల్లల మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. వైరు కూడా సన్నది. అది స్టీరింగ్ నుంచి ఫ్యూజు పెట్టెకు, అక్కడి నుంచి ముందు గ్రిల్ దాకా చుట్టూ తిరిగి వస్తోంది. భాయ్ రెండు వైరు ముక్కలు తీసుకుని పాత హారన్‌కు బ్యాటరీ నుంచే నేరుగా కరెంటు ఇచ్చాడు. ఆ హారనే ఒక్కసారిగా గొంతు విప్పింది. పక్క అంగట్లో టైరుకు పంక్చర్ వేస్తున్న అబ్బాయి తల తిప్పి చూశాడు.

హారన్ గట్టిగా వినపడటం లేదని ఎవరు నన్ను అడిగినా ఇప్పుడు ముందు ఇదే చెబుతున్నాను. కొత్తది కొనకముందు ఉన్నదానికి కరెంటు పూర్తిగా అందుతుందో లేదో చూపించుకోండి. ఎంత ఖరీదైన హారన్ అయినా సన్న వైరు చివర, చిలుం పట్టిన కప్లర్‌కు తగిలిస్తే అదీ మూలుగుతుంది. మూడు వోల్టులు తక్కువైతే దాని శక్తిలో చాలా భాగం పోయినట్టే.

"ఇట్లనే సరిచేసి ఇయ్యనా, మార్చాల్నా?" అని అడిగాడు భాయ్. మార్చమన్నాను. పాతది బాగా మోగినా గొంతు ఒకటే, కీచుగా ఉంటుంది. ఘాట్‌లో నాకు లో స్వరం కూడా కావాలి. రెండు స్వరాలు కలిసి వస్తే ఇంజను మోతలోంచి అది హారన్ అని చెవి వెంటనే పట్టుకుంటుంది.

హారన్లు నేనే తెచ్చుకున్నాను. జత 1,250 పడింది. కొనేటప్పుడు మూడు విషయాలు చూశాను. ఒకటి, కార్లకు హారన్లు సరఫరా చేసే పేరున్న కంపెనీదా కాదా. మన దేశంలో కారుకు బిగించిన హారన్ 93 నుంచి 112 డెసిబెల్స్ మధ్య ఉండాలి. పెట్టె మీద 150 అనో 300 అనో పెద్దక్షరాల్లో రాసినది చూస్తే ఆ మాట నిజమైనా కష్టమే, అబద్ధమైనా కష్టమే. రెండోది బరువు. లోపల రాగి చుట్ట, ఇనుము సరిగ్గా ఉన్న హారన్ చేతికి బరువుగా తగులుతుంది. మూడోది, లో, హై అని గుర్తులతో ఒక్కొక్కటి ఉన్నాయా అని. ఒకే రకానివి రెండు పెట్టెలో పడితే జంట స్వరం రాదు. అంగడివాడిని అడిగితే అక్కడే బ్యాటరీకి తగిలించి వినిపించాడు.

బిగించే పని నేను పక్కనే నిలబడి మొత్తం చూశాను. భాయ్ మొట్టమొదట 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ ఊడదీశాడు. తర్వాత బంపర్ క్లిప్పులు విప్పి ముందుకు లాగాడు. రేడియేటర్‌కు, బంపర్‌కు మధ్య ఉన్న ఖాళీలో అటొకటి ఇటొకటి పెట్టి కొలత చూసుకున్నాడు. హారన్ దేనికీ తగలకూడదు. ఫ్యానుకు, రేడియేటర్‌కు, బంపర్ ప్లాస్టిక్‌కు, వేటికీ. దాని వెనక ఉండే పల్చటి ఇనుప పట్టీని తీసేసి నేరుగా బిగించకూడదని చెప్పాడు. హారన్ మోగేటప్పుడు ఆ పట్టీ మీదే అది అదురుతుంది, కదలకుండా బిగించేస్తే శబ్దం చచ్చిపోతుంది. నోరు కిందికి, కొంచెం ముందుకు ఉండేలా తిప్పాడు. పైకి ఉంటే నవంబరు వానల్లో లోపల నీళ్లు నిలుస్తాయి.

ఇక వైరింగ్. ఇందులోనే నేను పట్టుబట్టాను. రెండు షెల్ హారన్లు కలిసి పది ఆంపియర్ల దాకా లాగుతాయి. స్టీరింగ్ నుంచి వచ్చే పాత వైరు మీద అంత భారం వేస్తే వేడెక్కుతుంది, హారన్ బటన్ పాయింట్లు కాలిపోతాయి. కాబట్టి రిలే తప్పనిసరి. నాలుగు కాళ్ల రిలే అది, కాళ్ల మీద నంబర్లు ఉంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వచ్చింది. 87 నుంచి అంతే మందం వైరు రెండు హారన్లకూ పోయింది. మిగిలిన 85, 86 కాళ్లకు పాత హారన్ కప్లర్ నుంచి వచ్చే వైర్లు. దాంతో స్టీరింగ్ బటన్ రిలేను మేల్కొలిపే చిన్న పని మాత్రమే చేస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో మందపాటి వైరులో హారన్‌కు చేరుతుంది.

30కి వచ్చే వైరులో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టమన్నాను, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. కొన్నిచోట్ల ఈ ఫ్యూజు లేకుండానే తగిలించేస్తారు, హారన్ మోగుతుంది కాబట్టి ఎవరూ అడగరు. ఆ వైరు ఎక్కడో ఇనుము అంచుకు రాసుకుని తొక్క చిరిగితే, మధ్యలో ఫ్యూజు లేకపోతే, బ్యాటరీలో ఉన్న శక్తంతా అక్కడే మంటవుతుంది. ఫ్యూజు హారన్ దగ్గర పెట్టినా అంతే, మధ్యలో ఉన్న వైరుకు రక్షణ ఉండదు. భాయ్ ఈ మాటకు సంతోషపడి, "అందరూ ఇట్లడిగితే నాకు పని తేలిక సార్" అన్నాడు. వైరు మొత్తానికి ముడతల ప్లాస్టిక్ పైపు తొడిగి, ఇంజను వేడి తగలకుండా పాత వైర్ల గుత్తి వెంబడే తీసుకెళ్లి ట్యాగులు వేశాడు. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయలేదు. పాత కప్లర్‌లో లగ్గులు దూర్చి టేపు చుట్టాడు. రేపు ఎప్పుడైనా ఇవి తీసేసి పాత హారన్ పెట్టాలంటే కప్లర్ తగిలిస్తే చాలు. వారంటీలో ఉన్న కొత్త బండికి చేయించేవాళ్లు దీన్ని గట్టిగా అడగాలి. వైరు కోశారంటే రేపు ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా దాని మీదికే నెడతారు.

అన్నీ బిగించి నెగటివ్ తగిలించి నొక్కితే రిలే టక్కుమంది. హై బాగా పలికింది. లో మాత్రం జలుబు చేసినట్టు బొంగురుగా, ఆగి ఆగి మోగింది. భాయ్ మీటరు తీసి పాజిటివ్ వైపు చూశాడు, కరెంటు పూర్తిగా ఉంది. ఎర్తు వైపు పెడితే అక్కడ పోతోంది. ఎర్తు తీసుకున్న బోల్టు కింద బాడీకి పెయింటు మందంగా ఉంది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనపడేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూశాడు. మళ్లీ నొక్కితే రెండూ కలిసి నిండుగా, ఒకే గొంతులా వచ్చాయి. హారన్ మోగుతుండగా మీటరు 12.1 చూపించింది. 9.8 చూసిన కళ్లకు ఆ అంకె చూస్తే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను.

టౌన్లో పాత హారన్, ఘాట్‌లో కొత్తది వాడుకునేలా డ్యాష్‌బోర్డు మీద స్విచ్చి పెడతానన్నాడు భాయ్. ఆలోచన మంచిదే, చాలామంది పెట్టించుకుంటారట. నేను వద్దన్నాను. మలుపులో లారీ ఎదురైనప్పుడు స్విచ్చి ఏ వైపు ఉందో గుర్తుండదు. ఎంత కొట్టాలో ఎక్కడ కొట్టాలో నా చేతికే అలవాటు చేసుకుంటే మేలు.

ఆ ఆదివారమే రాయచోటికి బయలుదేరాం. ఘాట్‌లో మొదటి మలుపుకు ముందు వేగం తగ్గించి, అద్దం కొంచెం దించి, ఒక్క హారన్ పొడుగ్గా కొట్టి ఆపాను. కొట్టి ఆపడం ముఖ్యం. కొడుతూనే ఉంటే ఎదుటివాడి జవాబు మనకే వినపడదు. అవతలి నుంచి లారీ హారన్ రెండుసార్లు పలికింది. నేను ఎడమ అంచుకు సర్దుకున్నాను. లారీ మలుపు అవతలే నెమ్మదించి, నేను ఎక్కి వచ్చేదాకా ఆగింది. కొండ దారిలో ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలన్నది నియమం. కానీ ఎక్కే బండి ఉందని దిగేవాడికి తెలిస్తే గదా ఇచ్చేది. ఆ డ్రైవరు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ పాప చుట్టూ ఉన్న చెయ్యి వదులు చేసింది.

గువ్వలచెరువులో కోవా తీసుకుంటుంటే పక్కనే టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లను కావాలనే పలకరించాను. కార్ల హారన్ మీకు క్యాబిన్‌లో వినపడుతుందా అని అడిగాను. ఒకాయన, "చిన్న కార్లది వినపడదు సార్. డిప్పర్ లైటు కొడితే కనపడుతుంది, పగలైతే అదీ లేదు" అన్నాడు. ఇంకొకాయన ఇంకో మాట చెప్పాడు. లోడుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా గేరులోనే దిగుతారట, ఆ సమయంలో ఇంజను మోత బాగా పెరుగుతుందట. "మలుపులోకొచ్చినాక కొడితే ఏం లాభం సార్, మేం ఆపేటోళ్లమా? ముందే కొట్టాల" అన్నాడు. అప్పటి నుంచి మలుపుకు ఇంకా ముందుగా కొట్టడం అలవాటు చేసుకున్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఘాట్‌లో బ్రేకులు ఫెయిలై లారీలు కార్ల మీదికి వచ్చిన ప్రమాదాలు పేపర్లో మనం చదివాం. అలాంటి లారీని ఏ హారనూ ఆపలేదు. దిగే లారీకి అతుక్కుని ముందు పోకపోవడం, మలుపులో ఓవర్‌టేక్ చేయకపోవడం, వీటికి బదులు హారన్ కాదు.

టౌన్లో ఈ హారన్ అవసరం చాలా తక్కువ. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు, రిమ్స్ ఆసుపత్రి ముందు వెళ్లినా నేను హారన్ జోలికి పోను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య హారన్ కొట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. మా వీధిలో మలుపు తిరిగేటప్పుడు కూడా ఇప్పుడు వేగం తగ్గించుకుని లైట్లు కొడుతున్నాను. రాయచోటిలో మా మామ కారు వచ్చిందని హారన్ విని గేటు తీసేవాడు. ఇప్పుడు ఫోన్ చేస్తున్నాను. ఆయనకు బీపీ, ఆ శబ్దం గుమ్మం ముందు వద్దు.

బావమరిది కారెక్కి ఘాట్ దాకా వచ్చి విన్నాడు. "ఇది చాలు బావా" అన్నాడు గానీ గాలి హారన్ తీసేస్తానని మాత్రం ఇంకా అనలేదు. నేను వదలడం లేదు. భాయ్ నంబరు ఇచ్చాను, వాళ్లక్కతో కూడా చెప్పించాను.

ఖర్చు రాసుకోవాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. హారన్లు 1,250, రిలే, ఫ్యూజు హోల్డర్, వైరు, పైపు అన్నీ కలిపి 450, భాయ్ కూలి 500. డ్యాష్‌బోర్డు అరలో 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండు అదనంగా పెట్టుకున్నాను. వానాకాలం అయిపోగానే ఎర్తు బోల్టు ఒకసారి విప్పి చూపించుకోమని భాయ్ చెప్పాడు.